సొంత ఆడిట్ సంస్థ పెట్టదలచిన వారికి: బోర్డు కట్టే రోజు నుంచి బాధ్యత అప్పగించే రోజు వరకు

తెలుగు ఊళ్లలో చార్టర్డ్ అకౌంటెంటును ఆ పేరుతో పిలిచేవారు తక్కువ. మిల్లు యజమాని మొదలుకొని వీధి చివరి కిరాణా వ్యాపారి వరకు అందరికీ ఆయన "ఆడిటరు గారు". ఆ పిలుపు అందుకోవడానికి పరీక్షలు ప్యాసైతే సరిపోతుంది గాని, ఆ పిలుపును ఆధారం చేసుకుని ఒక సంస్థను ముప్ఫై ఏళ్లు నిలబెట్టడానికి కావలసిన సంగతులు చాలావరకు పాఠ్యపుస్తకాల్లో దొరకవు. జిల్లా కేంద్రంలో చిన్న సంస్థను నడిపిన అనుభవంతో, కొత్తగా బోర్డు కట్టదలచిన వారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. ఉద్యోగం మంచిదా, ప్రాక్టీసు మంచిదా అన్న చర్చ ఇందులో లేదు. ప్రాక్టీసే చేయాలని నిశ్చయించుకున్న వారికే ఇది ఉపయోగపడుతుంది.

ముందుగా ఒక విషయం గుర్తుంచుకోవాలి. లెక్కలు రాసిపెట్టేవారు, రిటర్నులు వేసిపెట్టేవారు ఈనాడు ప్రతి వీధిలోనూ ఉన్నారు, వారిలో పనిమంతులు కూడా తక్కువేమీ కాదు. చట్టం మనకు ప్రత్యేకంగా ఇచ్చినది ఆడిట్ నివేదిక మీద సంతకం పెట్టే హక్కు ఒక్కటే. ఆఫీసు ఎక్కడ పెట్టాలి, ఫీజు ఎంత అడగాలి, ఎవరిని పనిలో పెట్టుకోవాలి, ఏ పని వదులుకోవాలి అన్న ప్రతి ప్రశ్న దగ్గరా ఆ సంతకానికి ఏం జరుగుతుందో చూసుకుని నిర్ణయించుకుంటే, తప్పులు పూర్తిగా పోకపోయినా, కోలుకోలేని తప్పులు మాత్రం తగ్గుతాయి.

బోర్డు కట్టే ముందు

కాగితాల పని పెద్ద కష్టమేమీ కాదు. 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం ప్రకారం మన వృత్తిని నియంత్రించే భారత చార్టర్డ్ అకౌంటెంట్ల ఇన్‌స్టిట్యూట్‌లో సభ్యత్వం తీసుకోవాలి, ఆ తరువాత ప్రాక్టీసు సర్టిఫికెట్ తీసుకోవాలి. అది చేతికి రాకుండా ఒక్క కాగితం మీద కూడా సంతకం పెట్టకూడదు. సంస్థ పేరుకు ఇన్‌స్టిట్యూట్ ఆమోదం పొందాక ఒక నమోదు సంఖ్య వస్తుంది. దాని చివర ఉండే అక్షరం ప్రాంతాన్ని సూచిస్తుంది; ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సంస్థలు దక్షిణ ప్రాంతం కిందికి వస్తాయి కాబట్టి మన సంఖ్య "ఎస్"తో ముగుస్తుంది. పేరు విషయంలో కొత్తవారు ఆకర్షణ కోసం ఆలోచించి సమయం వృథా చేసుకుంటారు. మన పేరు నుంచో ఇంటి పేరు నుంచో వచ్చిన పేరైతే ఆమోదమూ సులువు, ఊళ్లో జనానికి గుర్తుండడమూ సులువు. దుకాణాల మాదిరి వెలుగులు చిమ్మే పెద్ద బోర్డులు మన వృత్తికి తగవని ఇన్‌స్టిట్యూట్ ఎన్నాళ్లుగానో చెబుతోంది. నా మట్టుకు నాకు అందులో విచారించవలసినదేమీ కనిపించలేదు. ఆడిటరు ఆఫీసుకు ఎవరూ బోర్డు చూసి రారు, ఎవరో చెబితే వస్తారు.

డబ్బు విషయం మాత్రం తీరికగా ఆలోచించాలి. అద్దె, కంప్యూటరు, సాఫ్ట్‌వేరు ఖర్చులను అందరూ లెక్క వేసుకుంటారు గాని, ఇంటి ఖర్చును లెక్కలో చేర్చరు. కనీసం ఏడాదిన్నర ఇంటి ఖర్చు పక్కన లేకుండా ప్రాక్టీసు మొదలుపెట్టకండి అని నేను నిక్కచ్చిగా చెబుతాను. ఎందుకంటే నెలాఖరున ఇంటి అద్దె కట్టలేని స్థితిలో ఉన్న ఆడిటరు ముందుకు, పెట్టకూడని సంతకం అడిగే మనిషి వచ్చి కూర్చుంటే, ఆ రోజు ఆయన నీతికి జరిగే పరీక్ష న్యాయమైనది కాదు.

ఊరు ఎంచుకోవడంలో సొంత ఊరి మమకారం కొంత ఉండవచ్చు, కాని ఆ ఊరి వ్యాపారం మీకు అర్థమవుతుందా అన్నది ముఖ్యం. గుంటూరులో మిర్చి, భీమవరంలో రొయ్యల చెరువులు, నిజామాబాదులో పసుపు, చీరాలలో వస్త్రాలు: ఒక్కొక్క ఊరి లెక్క ఒక్కొక్క తీరులో నడుస్తుంది. ఆ తీరు తెలియనివాడు అంకెలు కూడగలడే గాని ఆడిట్ చేయలేడు. ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. ప్రభుత్వ ధాన్యం మరపట్టే మిల్లు నుంచి క్వింటాలు ధాన్యానికి పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు రావాలన్నది అమలులో ఉన్న ప్రమాణం. ఆపైన తౌడు, నూక, ఊక ఉండనే ఉన్నాయి. ఈ సంగతి తెలిసిన ఆడిటరు, మిల్లు నిల్వల పట్టిక చూసిన పది నిమిషాల్లో అడగవలసిన ప్రశ్న అడుగుతాడు. తెలియని ఆడిటరు వోచర్లన్నీ శ్రద్ధగా టిక్కు పెట్టి, అసలు విషయం వదిలేసి వస్తాడు. కాబట్టి మొదటి ఏడాది ఖాళీ ఎక్కువగా ఉన్నప్పుడు మార్కెట్ యార్డుకు వెళ్లండి, మిల్లుకు వెళ్లండి, కమీషను ఏజెంటు దుకాణంలో కూర్చుని తక్‌పట్టీ (రైతు సరుకు అమ్మకానికి రాసే చీటీ) ఎలా రాస్తున్నారో చూడండి. ఆ రోజులు మళ్లీ రావు.

మొదటి మూడేళ్లు

పని ఎక్కడి నుంచి వస్తుంది? ఈ ప్రశ్నకు నిజాయితీ గల జవాబు, నెమ్మదిగా వస్తుంది అన్నదే. ఇంటింటికీ తిరిగి పని అడగడం, మధ్యవర్తికి కమీషను ఇచ్చి క్లయింట్లను తెప్పించుకోవడం మన చట్టం షెడ్యూళ్లలో వృత్తి దుష్ప్రవర్తనగా రాసి ఉన్నాయి. ప్రకటనలకు సంబంధించిన మార్గదర్శకాలు కాలానుగుణంగా మారుతూ ఉంటాయి కాబట్టి వెబ్‌సైటు పెట్టే ముందు తాజా పాఠం చదువుకోవాలి. ఇవన్నీ మినహాయిస్తే మిగిలిన దారులు మూడు నాలుగు. సెప్టెంబరులో ఆడిట్ గడువుతో ఊపిరాడక ఉన్న పెద్ద ఆఫీసుకు వెళ్లి వారి పనిలో కొంత చేసిపెట్టడం వాటిలో అన్నిటికంటే మేలైనది. ఫీజు తక్కువే ఇస్తారు గాని, అక్కడి ఫైళ్లు ఎలా పెడతారో, పెద్దాయన క్లయింటుతో ఎలా మాట్లాడతారో చూసే అవకాశం దొరుకుతుంది. ప్రాక్టీసు చేయాలనుకునేవాడు తెల్ల చొక్కా నలగకుండా కూర్చుంటే కుదరదు.

మరొక ఆడిటరు దగ్గర ఉన్న పని మీ దగ్గరికి వస్తే సంతోషపడే ముందు చేయవలసినది ఒకటి ఉంది. అంతకు ముందున్న ఆడిటరుకు రాతపూర్వకంగా తెలియజేయకుండా ఆ ఆడిట్ ఒప్పుకోకూడదు; తెలియజేసినట్లు రుజువు మీ దగ్గర ఉండాలి. ఆయనకు రావలసిన, వివాదం లేని ఆడిట్ ఫీజు బాకీ ఉంటే అది తీరేవరకు ఆగాలి. కొత్తవారు దీన్ని లాంఛనంగా చూస్తారు. నేను కూడా అలాగే చూసేవాణ్ణి. ఒకసారి అలా ఉత్తరం రాస్తే, పాత ఆడిటరు గారు ఫోను చేసి, "బాబూ, ఉత్తరం అందింది, అభ్యంతరం లేదు. కాని నిల్వలు నువ్వు స్వయంగా లెక్కపెట్టుకో," అని మాత్రం అన్నారు. ఆ వ్యాపారి కోల్డ్ స్టోరేజీకి వెళ్లి లెక్కపెడితే, తనవిగా చూపిన మిర్చి టిక్కీలలో (బస్తాలలో) చాలా భాగం రైతులు దాచుకున్నవని రసీదుల్లో తేలింది. ఆ పని నేను ఒప్పుకోలేదు. ఒక్క ఉత్తరం, ఒక్క వాక్యం నన్ను కాపాడాయి.

ఇక ఫీజు సంగతి. "ఫీజుదేముందండీ, తరువాత చూసుకుందాం" అన్న మాటతో మొదలైన ఏ పనీ సుఖంగా ముగియలేదని నా అనుభవం. పని మొదలయ్యే ముందే ఏం చేస్తామో, ఏం చేయమో, ఎంత తీసుకుంటామో, ఎప్పుడు తీసుకుంటామో ఒక ఉత్తరంలో రాసి, క్లయింటు సంతకం తీసుకోవాలి. తెలుగులో రాసినా నష్టం లేదు. నిజానికి తెలుగులో రాసినదే ఆయన చదువుతాడు. బంధువులకు, స్నేహితులకు ఉచితంగా చేయాలనుకుంటే పూర్తిగా ఉచితంగా చేయండి. సగం ఫీజు పుచ్చుకుంటే స్నేహమూ ఉండదు, ఫీజూ ఉండదు. లాభంలో ఇంత శాతమని, తగ్గించిన పన్నులో ఇంత శాతమని ఫీజు పెట్టుకోవడాన్ని చట్టం అనుమతించని కారణం వేరే చెప్పనక్కరలేదు: లాభం పెరిగితే తన ఫీజు పెరిగే మనిషి ఆ లాభాన్ని తనిఖీ చేయలేడు.

ఫీజు ఎంత ఉండాలో అంకెల్లో చెప్పడం సాధ్యం కాదు. అయితే ఎలా తేల్చుకోవాలో చెప్పవచ్చు. ఒక పనికి మీవి ఎన్ని గంటలు, సహాయకులవి ఎన్ని గంటలు పడుతున్నాయో మొదటి ఏడాది ఒక పుస్తకంలో రాసుకోండి. ఏడాది చివర ఆ పుస్తకం చూస్తే, ఎక్కువ ఫీజు ఇచ్చే పెద్ద క్లయింటు కంటే సమయానికి బిల్లులు పంపే చిన్న వ్యాపారి దగ్గరే మనకు మిగులు ఎక్కువని తరచు తేలుతుంది. బిల్లులన్నీ సంచిలో వేసుకుని గడువుకు ముందురోజు సాయంత్రం తెచ్చే పెద్దమనిషికి రెండో ఏడాది ఫీజు పెంచాలి, మూడో ఏడాది నమస్కారం పెట్టాలి.

ఆదాయపు పన్ను చట్టం కింద వ్యాపారులకు ఆడిట్ అవసరమయ్యే పరిమితి మామూలుగా కోటి రూపాయల టర్నోవరు. వసూళ్లలోనూ చెల్లింపుల్లోనూ నగదు 5 శాతం దాటకపోతే ఆ పరిమితి 10 కోట్లు. బ్యాంకు ద్వారా చెల్లింపులు పెరిగిన కొద్దీ చిన్న వ్యాపారుల ఆడిట్లు తగ్గుతున్నాయన్నది దీని పర్యవసానం. కేవలం పన్ను ఆడిట్ల మీద ఆధారపడి ఇప్పుడు సంస్థ పెట్టేవారు ఈ సంగతి గమనించాలి. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు, దాన్ని ముందే చదువుకున్న చిన్న ఆఫీసులు ఒక్క ఏడాదిలో పైకి వచ్చాయి. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చే సందర్భం కూడా అలాంటిదే. పాత సెక్షన్ల సంఖ్యలు నోటికి వచ్చిన సీనియర్లు, కొత్తగా వచ్చిన మీరు ఒకే పేజీ నుంచి చదవడం మొదలుపెట్టవలసి వస్తుంది.

కాదనవలసిన పనులు

పిల్లవాడిని అమెరికా చదువుకు పంపే ప్రతి ఇంటివారూ ఏదో ఒక రోజు ఆడిటరు దగ్గరికి వస్తారు. ఆస్తుల విలువ చూపే సర్టిఫికెట్ కావాలి. పొలం ఎకరం ధర ఇంత అని ఆయన చెబుతాడు, రిజిస్ట్రేషను విలువ అంతకంటే చాలా తక్కువగా ఉంటుంది, అన్నదమ్ముల వాటాలు ఇంకా తేలలేదు. "ఎవరు చూస్తారండీ, కాగితం కోసమే కదా" అన్న మాట తప్పక వినిపిస్తుంది. దానికి జవాబు సులువు: ఇప్పుడు ఎవరైనా చూడగలరు. మన పేరుతో దొంగ సంతకాలు, దొంగ సర్టిఫికెట్లు పుట్టుకొచ్చిన కారణంగా, 2019 ఫిబ్రవరి 1 నుంచి సర్టిఫికెట్లకు, అదే ఏడాది జులై 1 నాటికి అన్ని ఆడిట్ నివేదికలకు 18 అక్షరాంకెల యూడీఐఎన్ (ఒక్కొక్క పత్రానికి విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) తప్పనిసరి అయింది. ఆ సంఖ్యతో బ్యాంకైనా వీసా అధికారైనా సరిచూసుకోవచ్చు. కాబట్టి సర్టిఫికెట్‌లో ఏ పత్రం ఆధారంగా ఏ విలువ తీసుకున్నామో వరుసగా రాయాలి, మదింపుదారు నివేదిక ఉంటే దాన్ని ప్రస్తావించాలి, వాటా తేలని ఆస్తిని చేర్చకూడదు. ఇలా రాసిన సర్టిఫికెట్ చిన్నదిగా కనిపిస్తే కనిపించనివ్వండి.

బ్యాంకు అప్పు కోసం ఒక బ్యాలెన్సు షీటు, పన్ను కోసం మరొకటి అడిగేవారి గురించి పొడిగించనవసరం లేదు. రెండోది అడిగిన రోజే ఫైలు తిరిగి ఇచ్చేయాలి.

సంస్థ పెట్టినవాడి కాలంలో ఉన్న పట్టుదల ఆయన తరువాత ఏమవుతుందో తెలుసుకోవడానికి అమెరికా ఆడిటరు ఆర్థర్ ఆండర్సన్ చరిత్ర చదవాలి. 1885లో పుట్టి, పదహారేళ్లకే తల్లిదండ్రులను పోగొట్టుకుని, పనిచేసుకుంటూ చదువుకున్న ఆయన 1913లో, అంటే ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, చికాగోలో ఒక భాగస్వామితో కలిసి సంస్థ పెట్టారు. తొలి రోజుల్లో ఒక రైల్వే కంపెనీ అధికారి లెక్కలను తనకు అనుకూలంగా ఆమోదించమని కోరితే, చికాగో నగరంలో ఉన్న డబ్బంతా ఇచ్చినా చేయనని చెప్పి ఆ క్లయింటును వదులుకున్నారని ఆ వృత్తిలో ఈనాటికీ చెప్పుకుంటారు. ఆయన 1947లో మరణించారు. తాము ఆడిట్ చేసిన, లెక్కల మోసంతో కూలిపోయిన ఎన్రాన్ అనే ఇంధన కంపెనీ వ్యవహారంలో పత్రాలు నాశనం చేశారన్న కేసులో 2002లో ఆ సంస్థను జ్యూరీ దోషిగా తేల్చింది. 2005లో అమెరికా సుప్రీం కోర్టు ఆ తీర్పును ఏకగ్రీవంగా కొట్టివేసింది. అప్పటికి క్లయింట్లు లేరు, ఉద్యోగుల్లో కొద్దిమందే మిగిలారు, కొట్టివేతతో తిరిగి వచ్చినదేమీ లేదు. ఆడిట్ సంస్థకు ఉన్న ఆస్తి ఎంత తేలికైనదో ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదంతం నాకు తెలియదు.

మన ఇంటి దగ్గరి పాఠం హైదరాబాదులోనే ఉంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రాసిన ఉత్తరంలో, పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు లేనివేనని ఒప్పుకున్నారు. అంత పెద్ద ఆడిట్ మనకు రాకపోవచ్చు. కాని బ్యాంకు నిల్వ ధ్రువీకరణను కంపెనీ చేతుల మీదుగా కాక నేరుగా బ్యాంకు నుంచే తెప్పించుకోవాలన్న నియమం రెండు లక్షల నిల్వ ఉన్న సహకార సంఘానికి కూడా వర్తిస్తుంది. క్లయింటు గుమాస్తా, "నేను వెళ్లి తెచ్చిస్తానండీ, మీకెందుకు శ్రమ" అన్నప్పుడు ఆ శ్రమ మనమే పడాలి.

ఆఫీసు లోపల

సీఏ చదువులో భాగంగా ఆఫీసులో పని నేర్చుకునే ఆర్టికల్ ట్రైనీలు లేకుండా చిన్న సంస్థ నడవదు. 2023 జులై నుంచి అమలైన కొత్త విధానంలో శిక్షణ కాలం మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. పని నేర్చుకుని చేతికి అందివచ్చే వేళకు పిల్లలు వెళ్లిపోతారని చాలామంది వాపోతారు, అది నిజమే. అందువల్ల ఏ పనిని ఎలా చేయాలో కాగితం మీద రాసి ఉంచడం ఇప్పుడు మరింత అవసరం. ట్రైనీని రెండేళ్లూ జీఎస్టీ రిటర్నుల దగ్గరే కూర్చోబెట్టే ఆఫీసులు ఉన్నాయి. అది ఆ పిల్లలకు చేసే అన్యాయం, సంస్థకూ నష్టం. రేపు భాగస్వామిగా రాదగినవారు వారిలో నుంచే వస్తారు.

పని చేసినట్లు రుజువు ఫైలులో ఉండాలి. ఎవరు ఏ వోచరు చూశారు, ఏ ప్రశ్న అడిగారు, యజమాని ఏం జవాబు చెప్పారు, దాన్ని మనం ఎందుకు అంగీకరించాం: ఇవన్నీ నివేదిక తేదీ నుంచి కనీసం ఏడేళ్లు భద్రపరచాలి. ఆరేళ్ల తరువాత నోటీసు వచ్చినప్పుడు మన జ్ఞాపకశక్తిని ఎవరూ సాక్ష్యంగా తీసుకోరు.

మరొక సంగతి కొంచెం మొహమాటంగానే చెబుతున్నాను. చాలా ఆఫీసుల్లో క్లయింట్ల డిజిటల్ సంతకం టోకెన్లన్నీ (కంప్యూటరుకు తగిలించి సంతకం చేసే చిన్న పరికరాలు) ఒక డబ్బాలో ఉంటాయి, పాస్‌వర్డులు ఆ డబ్బా మూత మీదే అంటించి ఉంటాయి. మన సంతకాన్ని ఇంత జాగ్రత్తగా చూసుకుంటూ ఇతరుల సంతకాలను అలా పడేయడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. నా ఆఫీసులోనూ ఆ డబ్బా ఉండేది. ఒక ట్రైనీ ఒక కంపెనీ పత్రాన్ని మరొక డైరెక్టరు టోకెనుతో దాఖలు చేయబోయిన రోజున దాన్ని తీసేశాను.

ఇల్లు, తిథులు, గడువులు

ఈ వృత్తిలో ఏడాది చైత్రంతో కాక ఏప్రిల్‌తో మొదలవుతుంది. ఉగాది వేళకు బ్యాంకు శాఖల ఆడిట్లు మీద పడతాయి. శ్రావణంలో పెళ్లిళ్లు, భాద్రపదంలో వినాయక చవితి, ఆపైన దసరా, ఇవన్నీ సెప్టెంబరు 30 ఆడిట్ గడువు చుట్టూనే తిరుగుతాయి. మేనల్లుడి పెళ్లిలో కూడా లాప్‌టాపుతో కూర్చున్న మేనమామగా పేరు తెచ్చుకున్నవారు మనలో చాలామందే ఉన్నారు. నెల నెలా 11న, 20న వచ్చే జీఎస్టీ గడువులు, మూడు నెలలకొకసారి వేసే చిన్న వ్యాపారులకు మన రెండు రాష్ట్రాల్లోనూ వర్తించే 22వ తేదీ, ముందస్తు పన్ను కట్టే జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి 15లు: ఇవన్నీ గోడ మీద పెద్ద అక్షరాలతో ఉండాలి. అయితే క్లయింట్లకు ప్రతి గడువును అసలు తేదీకి నాలుగు రోజుల ముందు తేదీగా చెప్పండి. ఇది అబద్ధమేనా అని ఒక ట్రైనీ అడిగితే, ఆఫీసు గడువు అని సమాధానమిచ్చాను.

పెళ్లి కాకముందు ప్రాక్టీసు మొదలుపెట్టినవారు, చేసుకోబోయే వారికి ఈ క్యాలెండరు ముందే చూపించడం మంచిది. సంక్రాంతి సెలవులు మాత్రం వదులుకోకండి. ఆ నాలుగు రోజులు ఆఫీసుకు తాళం వేసినందువల్ల ఏ క్లయింటూ వెళ్లిపోలేదు. మెడ, కళ్లు, నడుము ఈ మూడూ నలభై ఏళ్లకు బిల్లు పంపుతాయి. ఆ మాట మీకు ముప్ఫైలో ఎవరు చెప్పినా మీరు వినరని తెలిసే రాస్తున్నాను.

అప్పగింత

ఒంటరి యజమానిగా ఉన్న ఆడిటరు హఠాత్తుగా పోతే ఆ సంస్థ దాదాపు ఆ రోజే ఆగిపోతుంది. ఇన్‌స్టిట్యూట్ సభ్యులు కాని వారసులు దాన్ని నడపలేరు. భాగస్వామ్యం ఉన్నప్పుడు మాత్రం, మరణించిన భాగస్వామి వారసులకు గాని, విరమించిన భాగస్వామికి గాని లాభంలో వాటా ఇవ్వడానికి చట్టం వీలు కల్పించింది. ఆ మాట ఒప్పంద పత్రంలో ముందే స్పష్టంగా రాసుకుని ఉండాలి. కాబట్టి నలభై అయిదు దాటకముందే భాగస్వామిని చూసుకోవాలి. మీలాంటి మనిషినే వెతకకండి. మీకు విసుగు పుట్టించే పనిని ఇష్టంగా చేసేవారు, మీరు సంతకానికి పెన్ను తీసినప్పుడు "ఒక్క నిమిషం ఆగండి" అనగలిగేవారు కావాలి.

అప్పగింతకు రెండేళ్లు పెట్టుకోండి. మొదటి ఏడాది ప్రతి క్లయింటు సమావేశానికీ ఇద్దరూ వెళ్లాలి, మీరు మాట్లాడాలి. రెండో ఏడాది ఇద్దరూ వెళ్లాలి, మీరు మాట్లాడకూడదు. ఇది మొదటి దానికంటే కష్టం. ఆ తరువాత సంస్థ నిర్మాణంలో మార్పును ఇన్‌స్టిట్యూట్‌కు తెలియజేసే ఫారం నింపండి, బ్యాంకులో అధికార సంతకాలు మార్పించండి, పాత క్లయింట్లకు ఉత్తరాలు రాయండి, బీరువా తాళాలు ఇచ్చేయండి. బోర్డు మీద మీ పేరు ఉంచాలో తీసేయాలో కొత్తవారినే నిర్ణయించుకోనివ్వండి.